టాప్ లేని కారుకు పెద్ద చక్రాలా? ముందు ఇది చూడండి

బరాత్‌లో దూల్హాను కూర్చోబెట్టాలనో, ముచ్చటకో సెకండ్‌హ్యాండ్ కన్వర్టిబుల్ కొన్నవాళ్లు మొదట మార్చేది అల్లాయ్ వీల్సే. 225/45 ఆర్17 టైర్లు తీసి 225/40 ఆర్18 వేస్తే చక్రం ఎత్తు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది, స్పీడోమీటర్‌కు ఇబ్బంది లేదు. కానీ టైరు పక్కగోడ 101 నుంచి 90కి తగ్గుతుంది. గుంతలో పడితే దెబ్బ రిమ్‌కే.

పైకప్పు లేని బాడీ మామూలు కారుకంటే ఎక్కువ ఊగుతుంది. గట్టి స్ప్రింగులు వేస్తే ఆ కుదుపు స్టీరింగ్ దాకా వస్తుంది. స్ప్రింగులు కోయించి కారును కిందకు దించడం మరీ పొరపాటు. చిలకలూరిపేట హైవే మీద హాయిగానే ఉంటుంది, మిర్చి ట్రాక్టర్లు తిరిగే ఊరి రోడ్డులో మొదటి స్పీడ్‌బ్రేకర్‌కే అడుగు గీసుకుంటుంది. అరిగిన షాక్ అబ్జార్బర్లకు బదులు కంపెనీవే కొత్తవి వేయించుకుంటే చాలు.

ఆర్‌సీ వివరాలు మారిపోయే మార్పులను 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. వీల్స్ మార్చినా ఇన్సూరెన్స్ వాళ్లకు ముందే చెప్పాలి, లేకపోతే క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది.