కుట్లు వేసిన గాయము మానుట

గత వర్షాకాలమున మా పాఠశాల తొమ్మిదవ తరగతి బాలుడొకడు ఆటస్థలము చుట్టునున్న ముండ్లతీగెను దాటబోయి పడెను. మోకాలిచిప్పకు దిగువను రెండంగుళముల గాయమైనది. ఆసుపత్రిలో శుభ్రపఱచి ఆఱు కుట్లు వేసిరి. పండ్రెండవ దినమున వానిని తీసివేసిరి. గాయము సన్నని గీతవలె చక్కగా కలిసియుండెను. మఱునాడే అతడు చెడుగుడు ఆడుటకు సెలవడుగగా, కుట్లు తీసిరి గదా యని మేము సెలవిచ్చితిమి. ఆ సాయంకాలమే గాయము సగము విచ్చుకొనెను. తప్పు బాలునిది కాదు, మాది. కుట్లు తీయుటయే గాయము మానుట యని మేమును తలంచియుంటిమి. పిదప వైద్యుల నడిగియు, చదివియు తెలిసికొనిన సంగతులు పిల్లలకును, తలిదండ్రులకును పనికివచ్చునని యిచ్చట వ్రాయుచున్నాము.

గాయమైన వెంటనే నెత్తురు గడ్డకట్టి తెగిన నాళములను మూయును. తరువాత రెండు మూడు దినములు అంచులు కొంచెము ఎఱ్ఱబడి, వాచి, వెచ్చగా నుండును. దీనిని చూచి తల్లులు బెదరుదురు. కాని యిది శరీరము తన పనిని ప్రారంభించుటయే. రక్తములోని తెల్లకణములు అచ్చటికి చేరి సూక్ష్మజీవులను, చచ్చిన కణములను మ్రింగి చోటు శుభ్రము చేయుచుండును. అంచులు కుట్టబడిన గాయముపై చర్మపు పైపొర ఒకటి రెండు దినములలోనే అతుకుకొనును. అందుచేతనే మొదటి రెండు దినములు కట్టు తడియరాదనియు, ఆ తరువాత సబ్బునీటితో మెల్లగా కడిగి శుభ్రమైన గుడ్డతో అద్దవచ్చుననియు వైద్యులు సాధారణముగా చెప్పుదురు. చెఱువులో మునుగుట, కాలువలో నీదుట మాత్రము కుట్లు తీసి గాయము పూర్తిగా మూసికొనువఱకు కూడదు. పసుపు, కాఫీపొడి, సున్నము, బూడిద మొదలగునవి గాయముపై చల్లుట ఎన్నడును కూడదు.

అతుకుకొనినది పైపొర మాత్రమే. లోపల కొల్లాజెన్ అను నారవంటి పదార్థము ఇంచుమించు మూడవ దినము మొదలుకొని కొంచెము కొంచెముగా నేయబడుచుండును. మూడు వారములు గడచినను ఆ చోటికి మునుపటి బలములో సుమారు అయిదవ వంతు మాత్రమే వచ్చును. మూడు నెలలకు నూటికి 80 వంతులు రావచ్చును. అంతకు మించి సాధారణముగా రాదు. ఇక పదుమూడవ దినమున మోకాలిని ముడుచుచు, చాచుచు, నేలపై పడుచు చెడుగుడు ఆడిన గాయము విచ్చుకొనుటలో వింత యేమున్నది? ముఖమునకు రక్తప్రసారము మెండు. కావున అచ్చటి కుట్లు మూడు నుండి అయిదు దినములకే తీయుదురు. తలపైవి ఏడు నుండి పది దినములకు, కీళ్లపైవి పది నుండి పదునాలుగు దినములకు తీయుదురు. ఎక్కువకాల ముంచినచో సూదిగుర్తులు నిలిచిపోవును. తామే కరగిపోవు దారములును కలవు. వానిని లాగి చూడరాదు.

మానుచున్న గాయము దురదపెట్టును. పిల్లల కిదియే పెద్ద పరీక్ష. గోళ్లతో గోకరాదు; చుట్టుప్రక్కల మెల్లగా తట్టవచ్చును. మచ్చ మొదటి నెలలలో ఎఱ్ఱగా, కొంత గట్టిగా నుండి, ఏడాది గడచులోపల పలుచబడి రంగు తగ్గును. అంతవఱకు ఎండ తగులకుండ కప్పుకొనుట మంచిది, లేనియెడల నల్లబడును.

భయపడవలసిన గుఱుతులు వేఱు. మూడు నాలుగు దినముల తరువాత నొప్పి తగ్గుటకు మాఱు పెరుగుట, ఎఱుపు ప్రక్కలకు ప్రాకుట, ఎఱ్ఱని చారలు పైకి సాగుట, చీము, దుర్వాసన, జ్వరము – వీనిలో ఏ యొక్కటి కనబడినను ఆ దినమే వైద్యునియొద్దకు పోవలెను. ధనుర్వాతపు టీకా సంగతి గాయమైన నాడే అడుగవలెను. మన దేశపు టీకాల పట్టికలో పదియవ యేట, పదునాఱవ యేట టి.డి. టీకా ఉన్నది, మా విద్యార్థులలో దానిని మఱచినవారు తక్కువవారు కారు.

ఆహారము సంగతి కొంత చెప్పవలెను. మేము చూడబోయినప్పుడు ఆ బాలుని నాయనమ్మ పప్పును, గ్రుడ్డును మాన్పించి చారన్నము పెట్టుచుండెను. "పప్పు పెడితే చీము పడుతుంది, మాష్టరుగారూ" అనెను. ఆమె ప్రేమను మేము శంకింపము. కాని చీము పుట్టించునవి సూక్ష్మజీవులు గాని పప్పు కాదు. క్రొత్త కండకు మాంసకృత్తులు కావలెను. కొల్లాజెన్ నేయుటకు విటమిన్ సి కావలెను. 1939లో అమెరికాలో క్రాండన్ అను యువవైద్యుడు విటమిన్ సి లేని ఆహారమునే తినసాగెను. మూడు నెలలకు తన దేహముపై చేయించుకొనిన గాయము బాగుగనే మానెను. ఆఱు నెలలకు చేయించుకొనినది మానలేదు. ఆ విటమినును ఎక్కించిన పిదప మానెను. ఇంతకన్న ఆశ్చర్యకరమైన సంగతి యొకటి 1740లో బయలుదేరిన ఆన్సన్ నౌకాయాత్ర వృత్తాంతములో నున్నది. 1690లో బాయిన్ యుద్ధమున గాయపడి, మానిన నావికు డొకనికి ఏబదియేండ్ల పిమ్మట, స్కర్వీ రోగము వచ్చినప్పుడు, ఆ పాత మచ్చలే మరల విచ్చుకొనినవట. పైకి కదలక మెదలక యుండు మచ్చ లోపల యావజ్జీవము మరల మరల నేయబడుచునే యుండును. జామపండు, ఉసిరికాయ, నిమ్మ మన యూళ్లలో దొరకని వస్తువులు కావు. నాయనమ్మ చివరకు గ్రుడ్డున కొప్పుకొనెను గాని పప్పున కింకను సందేహించుచునే యున్నది.

విచ్చుకొనిన గాయమును వైద్యులు మరల కుట్టలేదు. అడుగునుండి దానంతట నది పూడుకొనవలెనని తెఱచియే యుంచి, కట్లు మార్చుచు వచ్చిరి. దానికి అయిదు వారములు పట్టెను. సన్నని గీతగా నుండవలసిన మచ్చ ఇప్పుడు బొటనవ్రేలంత వెడల్పున నున్నది. ఇప్పుడు కుట్లు తీయించుకొనివచ్చిన వారెవ్వరైనను, ఆటకు సెలవెప్పుడని మేము ముందుగా వైద్యుని చీటి నడుగుచున్నాము.