రాచపుండు రోగుల మొర శాసనసభ వరకు



అమెరికా దేశమున న్యూజెర్సీ రాష్ట్రములో ప్లెయిన్స్‌బరో అను చిన్న పట్టణము కలదు. ఒకప్పుడది పాల ఊరు. వాకర్ గోర్డన్ అను పాల కంపెనీవారు అచ్చట గొప్ప పశుశాల నడిపిరి. 1930వ సంవత్సరమున వారు గుండ్రముగా తిరుగు అరుగు నొకదానిని కట్టించి, దానిమీద ఏబది ఆవులను ఒక్కమారు నిలిపి యంత్రముతో పాలు పిదికించిరి. యంత్రమెంత గొప్పదైనను పేడ యెత్తువాడు మనిషియేయని తోటపని చేయు మీకు వేరుగ చెప్పనక్కరలేదు. 1971లో ఆ యంత్రము ఆగిపోయెను. ఇప్పుడచ్చట ఆఫీసులును, ఇండ్లును, 2012లో ప్రిన్స్‌టన్ నుండి తరలివచ్చిన పెద్ద ఆసుపత్రియు ఉన్నవి. భారతదేశమునుండి వెళ్లిన కుటుంబములనేకములు, వారిలో తెలుగువారును, ఆ ఊరిలో కాపురమున్నారు.

ఇంటి ముంగిటనే ఆసుపత్రి యున్నప్పుడు రాచపుండునుగూర్చి శాసనకర్తలతో పని యేమి? ఆసుపత్రి తలుపు తెరచునది వైద్యుడు కాదు, సొమ్ము. ఆ సొమ్ము ఎవరు కట్టవలెనో నిర్ణయించునది చట్టము.

దీనికి ఒక దృష్టాంతము చెప్పెదను. 1990వ సంవత్సరమున అమెరికా కాంగ్రెసు ఒక మంచి చట్టము చేసెను. భీమా లేని పేద స్త్రీలకు రొమ్మునందును, గర్భాశయ ముఖమునందును రాచపుండు ఉన్నదో లేదో ప్రభుత్వపు ఖర్చుతో పరీక్ష చేయవలెనని దాని తాత్పర్యము. పరీక్షలు జరిగెను. కొందరికి వ్యాధి బయటపడెను. అటుపిమ్మట? చికిత్సకు ఆ చట్టము ఒక్క డాలరైనను ఇయ్యలేదు. నీకు ప్రాణాంతకమైన వ్యాధి యున్నదని కాగితముమీద వ్రాసి చేతికిచ్చి, ఇక నీ దారి నీవు చూచుకొమ్మని పంపినట్లాయెను. చట్టము వ్రాసినవారు దుష్టులు కారు. ఆ కాగితము పట్టుకొని ఇంటికి నడచి వెళ్లినవారిలో వారు లేరు, అంతే.

ఆ గుంతను చూపినవారు అందులో పడినవారే. వ్యాధిగ్రస్తులైన స్త్రీలును, వారి బంధువులును, వారి పక్షమున నిలిచిన సంఘములును ఏండ్ల తరబడి కాంగ్రెసు సభ్యుల గదులకు తిరిగి, పరీక్ష చేసిన ప్రభుత్వమే చికిత్సయు చేయింపవలెనని అడిగిరి. 2000వ సంవత్సరము అక్టోబరులో అధ్యక్షుడు క్లింటన్ సంతకముతో కొత్త చట్టము వచ్చెను. అట్టి స్త్రీలకు మెడికెయిడ్ అను పేదల భీమాక్రింద చికిత్స యిచ్చుటకు రాష్ట్రములకు సెలవు దొరకెను. సెలవే గాని ఆజ్ఞ కాదు. కావున ఒక్కొక్క రాష్ట్రపు శాసనసభ గుమ్మమును మరల తట్టవలసి వచ్చెను. కాలక్రమమున రాష్ట్రములన్నియు ఒప్పుకొనినవి. మొదటి చట్టమునకును రెండవ చట్టమునకును నడుమ పదేండ్లు గడచెను. పదేండ్లలో ఎందరు పోయిరో తలచుకొనిన మనస్సు కలతనొందును.

ఇట్టి పని అంతకుముందును జరిగినది. 1971లో యాన్ లాండర్స్ అను పేరుతో వార్తాపత్రికలలో సలహాలు వ్రాయుచుండిన యొక స్త్రీ, కాన్సరు పరిశోధనకు ధనమియ్యుడని మీ సెనేటరుకు వ్రాయుడని పాఠకులను కోరెను. లక్షలకొలది జాబులు వాషింగ్టనుకు చేరెను. ఆ యేటి డిసెంబరు 23న అధ్యక్షుడు నిక్సన్ జాతీయ కాన్సరు చట్టముమీద సంతకము చేసెను. వ్రాసినవారిలో అధికభాగము సామాన్య గృహస్థులే.

ప్లెయిన్స్‌బరోలోని మనవారికి మరియొక చిక్కు కలదు. వారిలో ననేకులు ఉద్యోగపు వీసాపై నున్నవారు. వారి భీమా యజమానినిబట్టి యుండును. వ్యాధివలన పని పోయెనా, భీమా నిలుపుకొనుటకు పూర్తి వెల తామే కట్టవలెను; సాధారణముగా అరువది దినములలోపల వేరొక యజమానిని వెదకుకొనవలెను. ఓటు లేనివాడు శాసనకర్తతో మాటలాడగూడదని కొందరు భయపడుదురు. ఆ భయము నిరాధారము. ప్రభుత్వమునకు మొర పెట్టుకొను హక్కు 1791 నుండి ఆ దేశపు రాజ్యాంగములో ప్రజల హక్కుగా వ్రాయబడియున్నది, ఓటర్ల హక్కుగా కాదు. రాష్ట్ర శాసనసభ కూర్చుండు ట్రెంటన్ ఆ ఊరికి దూరము కాదు. మేస్త్రీ కన్నెఱ్ఱజేయునేమోయని నోరు మూసుకొనుట మన పేటలలో ఎరిగినదే గనుక దీనిని విడమరచి వ్రాసితిని.

శాసనకర్తలును ఈ వ్యాధికి అతీతులు కారు. ఆ ఊరు చేరియున్న నియోజకవర్గము పక్షమున కాంగ్రెసులో కూర్చుండిన బానీ వాట్సన్ కోల్మన్, తాను కాన్సరును అనుభవించినదానినని 2021 జనవరిలో పత్రికాముఖమున వెల్లడించిరి.

మన తెలుగునాటి సంగతి చూతము. శ్రీకాకుళము, విశాఖ తీరములందు అడ్డపొగ త్రాగు స్త్రీలు, అనగా నిప్పుకొన నోటిలో నుంచుకొని చుట్ట కాల్చువారు, అంగిలియందు రాచపుండు బారిన పడుట వైద్యులు బహుకాలముగా ఎరిగినదే. 2007లో మొదలిడిన ఆరోగ్యశ్రీ పేదల కాన్సరు చికిత్సకు గొప్ప ఆసరా ఆయెను. ఇచ్చట అమెరికా కథ తలక్రిందులైనట్లు తోచును: చికిత్సకు పథకమున్నది, గాని రోగి పుండు ముదిరినపిదప ఆసుపత్రికి చేరును. ముప్పది యేండ్లు నిండినవారికి నోటిని, రొమ్మును, గర్భాశయ ముఖమును పరీక్షింపవలెనని భారత ప్రభుత్వము 2016లో మార్గదర్శకములు వెలువరించెను. మీ పేటకు దగ్గరనున్న ఆరోగ్యకేంద్రములో ఈ మూడు పరీక్షలు జరుగుచున్నవా? ఏ దినమున? స్త్రీలను పరీక్షించుటకు స్త్రీ యున్నదా? పరీక్షకు పోయిన దినపు కూలి యెవరిత్తురు?

శాసనసభ్యుని యెదుటికి పోవునప్పుడు ఈ ప్రశ్నలలో ఒక్కటి చాలును. నలుగురైదుగురు కలిసి పొండు. వ్యాధిని అనుభవించిన యింటివారొకరు తప్పక ఉండవలెను. ఊరి పేరు, జరిగినది, కావలసినది ఒక కాగితముమీద వ్రాసి, ఒక ప్రతి మీయొద్ద ఉంచుకొనుడు. దండలు, శాలువలు కొనవద్దు; ఆ డబ్బు బస్సు ఛార్జీకి అక్కరకు వచ్చును. చూతములెండు అని ఆయన సెలవిచ్చినయెడల, ఎప్పటిలోగా అని మర్యాదగా అడిగి, ఆ తేదీని అదే కాగితముమీద వారి యెదుటనే వ్రాసికొనుడు.