పాదిరిగారి సెలవు

వేసవి వచ్చినదంటే నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో కొన్ని తలుపులకు తాళాలు పడతాయి. ఖరగ్‌పూర్ పట్టణంలో గూడ్సు యార్డు ప్రక్కనే ఉన్న ఈ పేటలో తెలుగు కుటుంబాలు తరతరాలుగా కాపురముంటున్నవి. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ వర్క్‌షాపు నెలకొల్పిన నాటి నుండి శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలవారు బ్రతుకుతెరువు వెదుక్కుంటూ ఆ రైలు పట్టాల వెంటే వచ్చి స్థిరపడినారు. ఏడాదికొకసారి పాసు వ్రాయించుకొని స్వగ్రామానికి ప్రయాణం కడతారు. పెద్దలకు అది ఇంటికి పోవడం. పిల్లల సంగతి వేరు. వారి ఆటపాటలు, స్నేహితులు, సగం మాటలు వంగదేశానివే. ఊరిలో దిగీ దిగకముందే బంధువులు అడిగే మొదటి ప్రశ్న "ఎప్పుడు వచ్చారు?" అయితే, రెండవది "ఎప్పుడు వెళ్తారు?" అని! ఈ రెండవ ప్రశ్నలోనే ఉన్నది చిక్కంతా.

కాంసాయి నది దాటితే మిడ్నపూర్. ఈ చిక్కునే మరింత పెద్ద యెత్తున అనుభవించిన కుటుంబాలు కొన్ని రైలు రాకకు ముందే అక్కడ ఉండేవి. అవి అమెరికను మిషనరీల కుటుంబాలు. ఏడెనిమిదేళ్ళో, పదేళ్ళో పనిచేసిన పిమ్మట వారికి స్వదేశంలో గడపడానికి సెలవు దొరికేది. సిపాయిల భాషలో దానిని ఫర్లో అంటారు; మిషనరీలూ ఆ మాటనే వాడుకొన్నారు. పేరుకు అది విశ్రాంతి. కాని తెలుగుదేశపు క్రైస్తవ చరిత్రలో పెద్ద మలుపులు కొన్ని ఈ సెలవులలోనే జరిగినవంటే పాఠకులకు వింతగా తోచవచ్చు.

మొట్టమొదటిది ఆమోస్ సట్టన్‌గారి సెలవు. ఆయన ఇంగ్లీషువాడు, 1825లో ఒరిస్సాకు వచ్చిన బాప్టిస్టు మిషనరీ. వచ్చిన కొద్ది నెలలకే భార్య మరణించగా, తరువాత ఒక అమెరికను మిషనరీ వితంతువును వివాహమాడారు. ఆరోగ్యం చెడి 1833లో సముద్రయానం చేసినప్పుడు అమెరికాకూ వెళ్ళడం ఈ బాంధవ్యం వల్లనే కావచ్చు. రోగి అన్నమాటే గాని ఆయన మంచం పట్టి కూర్చోలేదు. ఫ్రీ విల్ బాప్టిస్టులనే చిన్న శాఖవారి సంఘాలకు పోయి ఒరిస్సాకు మనుషులను పంపండని అర్థించారు. 1835లో రిచ్మండు నగరంలో పెద్ద బాప్టిస్టు మహాసభ జరిగితే అక్కడికీ వెళ్ళి, తెలుగువారిని ఎవరూ పట్టించుకోవడం లేదని మొర పెట్టారు. రెండు మొరలూ ఫలించినవి. ఆ సంవత్సరం సెప్టెంబరులో బోస్టన్ రేవు నుండి "లూవ్రు" అనే ఓడ బయలుదేరినది. అందులో సట్టన్ దంపతులతోబాటు ఒరిస్సాకు పోవలసిన నోయిస్, ఫిలిప్స్ దంపతులున్నారు. తెలుగు నాటికి పోవలసిన శామ్యూల్ డే దంపతులున్నారు. మిడ్నపూర్ ప్రాంతపు మిషనుకూ, నెల్లూరు మిషనుకూ విత్తనాలు ఒకే ఓడలో, ఒక రోగిష్టి మనిషి సెలవు ముగింపులో వచ్చినవన్నమాట. 1911లో ఫ్రీ బాప్టిస్టులు పెద్ద శాఖలో కలిసిపోయిన పిమ్మట ఆ రెండు మిషనులూ ఒకే సంస్థ క్రిందికి వచ్చినవి.

డేగారు మొదట విశాఖపట్నంలో దిగి, శ్రీకాకుళంలో కొన్నాళ్ళుండి, మద్రాసు చేరి, చివరకు 1840లో నెల్లూరులో స్థిరపడినారు. పని సాగలేదు. రెండు దశాబ్దాలు గడిచినా అక్కడి విశ్వాసుల సంఖ్య సంఘపు లెక్కల పుస్తకంలో సిగ్గుపడేటంత స్వల్పంగానే ఉండిపోయినది. ఈ మిషనును మూసివేద్దామన్న ప్రతిపాదన అమెరికాలో మాటిమాటికీ లేచేది. 1862లో ప్రావిడెన్సు నగరంలో జరిగిన వార్షిక సభలో అది దాదాపు ఖాయమైనట్లే కనబడినది. అప్పుడు అంతర్యుద్ధం సాగుతున్నది, విరాళాలు ఎండిపోయినవి. కాని నెల్లూరులో డేగారి తరువాత పనిచేస్తున్న లైమన్ జూవెట్ ఆరోగ్యం క్షీణించి సెలవు మీద వస్తున్నారనీ, ఆయన మాట వినేదాకా ఆగుదామనీ కార్యదర్శి వారెన్‌గారు సభను ఒప్పించారు.

జూవెట్‌గారు వచ్చారు. మీరు నెల్లూరును వదలుకొంటే వదలుకోండి, నేను మాత్రం ఒంటరిగానైనా తిరిగిపోయి అక్కడే బ్రతుకుతాను, అవసరమైతే అక్కడే చస్తాను అన్నారు. అలాగైతే మిమ్ములను పాతిపెట్టడానికైనా ఒకరిని తోడు పంపక తప్పదని వారెన్‌గారు హాస్యమాడారట. ఆ తోడుగా దొరికినవాడే జాన్ క్లౌ. పొలాలు కొలిచే సర్వేయరుగా పనిచేసిన యువకుడు. 1864 నవంబరులో భార్యతోనూ జూవెట్‌గారితోనూ బోస్టన్‌లో ఓడ ఎక్కి మరుసటి ఏప్రిల్‌కు మద్రాసు చేరుకొన్నాడు. ఒంగోలు మిషను చరిత్ర అక్కడి నుండి మొదలవుతుంది. అప్పుడు జూవెట్‌గారు అలసటతో తల వంచి ఊరుకొని ఉంటే, ఒంగోలులో ఆ బడులూ, ఆస్పత్రీ మరెవరి పేరనైనా వచ్చి ఉండేవేమో, అసలు రాకనే పోయేవేమో.

క్లౌగారి సెలవు 1872లో వచ్చినది. రామాయపట్నంలో అప్పుడే ఆరంభమైన వేదాంత పాఠశాలకు మూలధనంగా యాభైవేల డాలర్లు ప్రోగుచేసే పని కూడా ఆ సెలవుతోబాటే నెత్తిన పడినది. 1873లో అమెరికా బ్యాంకులు కూలి దేశమంతా గగ్గోలెత్తినది. అయినా ఊరూరా తిరిగి, గుడిగుడిలో ఉపన్యసించి, ఆ సొమ్ము సాధించి 1874లో తిరిగివచ్చారు. విశ్రాంతి అన్న మాటకు ఇంతకంటె వింత అర్థం నిఘంటువులో దొరకదు. తిరిగి వచ్చిన రెండేళ్ళకే 1876–78 నాటి మహాక్షామం. బకింగ్‌హాం కాలువలో ఒక భాగం త్రవ్వకాన్ని గుత్తకు తీసుకొని వేలమందికి కూలి ఇప్పించిన క్లౌగారి కథ, 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన కథ చాలామంది విన్నవే.

అంతగా వినిపించని కథ మరొకటి ఉన్నది. క్లౌగారు లేని ఆ రెండేళ్ళూ ఒంగోలు బాధ్యత చూసినవాడు కెనడా దేశీయుడైన జాన్ మెక్‌లారిన్. ఒంగోలు అప్పగించి ఆయన 1874లో కాకినాడకు మారి కెనడియన్ బాప్టిస్టు మిషనుకు పునాది వేశారు. ఆ మిషను తరువాత బొబ్బిలి, శ్రీకాకుళం, టెక్కలి దాకా వ్యాపించినది. నిమ్‌పురాలోని తెలుగువారిలో ఎందరికో తాతముత్తాతల ఊళ్ళు ఆ ప్రాంతాలలోనివే.

ఈ విరాళాల యాత్రలను గురించి ఒక మాట చెప్పక తప్పదు. ఆదివారం ఒక ఊరు, బుధవారం మరొక ఊరు. మాయాదీపంతో తెరమీద బొమ్మలు. పిల్లలకు చీర కట్టించి తెలుగు కీర్తన పాడించడం. అక్కడివారి సంచులు విప్పించడానికి ఇక్కడి మనుషులను ఉన్నదానికంటె దీనులుగా చిత్రించిన ఉపన్యాసాలూ లేకపోలేదు. మరొకవైపు, సంఘ స్త్రీలు పీపాలలో నింపి ఇచ్చే పాత బట్టలు కట్టుకొని ధనికుల ఇంట అతిథులుగా ఉండవలసిన దొరసానుల అవస్థ కూడా తలచుకోదగినదే. ఇచ్చేవారెవరో, పుచ్చుకొనేవారెవరో ఆ కొద్ది నెలలు తారుమారయ్యేవి.

అన్నింటికంటె బరువైన వెల చెల్లించినది పిల్లలు. సెలవు ముగిసి తల్లిదండ్రులు ఓడ ఎక్కేటప్పుడు, బడి ఈడు వచ్చిన పిల్లలను అమెరికాలోనే విడిచి వెళ్ళడం ఆనాటి పద్ధతి. బర్మాలో పనిచేసిన అడోనిరం జడ్సన్ ముప్పైమూడేళ్ళ తరువాత, 1845లో, తొలిసారి స్వదేశానికి పోతుండగా దారిలో సెంట్ హెలీనా ద్వీపం వద్ద భార్య మరణించినది. మరుసటి యేడు తిరిగి బయలుదేరినప్పుడు, తల్లి లేని ఆ పిల్లలను ఇతరుల ఇళ్ళలో ఉంచి రావలసివచ్చినది. ఇటువంటి పిల్లల కోసమే మసాచుసెట్సులోని న్యూటన్ సెంటరులోనూ, ఒహాయోలోని గ్రాన్‌విల్‌లోనూ బాప్టిస్టులు ప్రత్యేక గృహాలు నడిపారు. దక్షిణాన కొడైకెనాల్ పాఠశాల 1901లో ఏర్పడిన తరువాత ఈ ఎడబాటు సముద్రాల దూరం నుండి రైలు దూరానికి తగ్గినది.

విడిచిపెట్టిన పిల్లలు ఏమనుకొన్నారు? అమ్మానాన్నల మాటలో "ఇల్లు" అంటే వారు ఎన్నడూ చూడని మంచు దేశం. అక్కడికి పోయాక అన్నం కోసం, ఆయా మాట కోసం, మామిడి చెట్టు కోసం బెంగపడేవారు. రెండు దేశాల మధ్య పెరిగే పిల్లలకు "మూడవ సంస్కృతి పిల్లలు" అన్న పేరు పెట్టిన సామాజిక శాస్త్రజ్ఞురాలు రూత్ హిల్ యూసీమ్‌కు ఆ ఆలోచన తట్టినది 1950లలో భారతదేశంలోని అమెరికనులను పరిశీలించినప్పుడే. పేరు కొత్తది గాని జబ్బు పాతది.

ఆ పిల్లలలో తిరిగివచ్చినవారున్నారు. డేగారి కుమార్తె ఒకరు మిషనరీగా మద్రాసుకు వచ్చి ఆడపిల్లలకు బడి నడిపినది. లూవ్రు ఓడలో వచ్చిన ఫిలిప్స్‌గారి కొడుకు జేమ్స్ 1840లో బాలేశ్వర్‌లో పుట్టి, చదువుకై అమెరికా చేరి, వైద్యుడై 1865లో ఇక్కడికే వచ్చాడు. అతని అక్కచెల్లెళ్ళూ ఈ ప్రాంతంలోనే పనిచేశారు. తరువాత ఒకసారి సెలవు మీద పోయి, క్లౌగారివలెనే ఊళ్ళు తిరిగి మిడ్నపూర్‌లో బైబిలు పాఠశాలకు సొమ్ము కూడబెట్టి తెచ్చాడు. ఒరిస్సాలో మొదటి సంతాలీ వ్యాకరణాలలో ఒకదానిని వ్రాసిన తండ్రి జెరెమయా మాత్రం వృద్ధాప్యంలో అమెరికా చేరి 1879లో మిచిగన్‌లో కన్నుమూశారు. కొడుకు 1895లో మస్సూరీలో మరణించాడు.