మ్యాక్ కంప్యూటరులో ఆటలు: ప్రాసెసరు మాఱిన పిమ్మట

నేడు నేను ముచ్చటింపబూనిన విషయము మీ వయసువారికిని నా వయసువారికిని కొంత వింతగానే తోచును. కాని సంక్రాంతికి వచ్చిన మనుమలు ఒడిలో పెట్టుకొని కూర్చుండు పలుచని పెట్టెను మీరెల్లరు చూచియే యుందురు. దానికై మీలో కొందఱు లక్షరూపాయలకు దరిదాపుగా సొమ్ము ఇచ్చియు నుందురు. కావున అందలి సంగతి కొంత తెలిసికొనుట మనకు అక్కఱకు వచ్చును.

నిరుటి వేసవిలో నా చిన్ననాటి స్నేహితుడొకడు గుంటూరు ప్రాంతపు పల్లెనుండి శ్రీనగర్ కాలనీలోని మా ఇంటికి వచ్చెను. అతని మనుమడు 2017లో కొన్న మ్యాక్ కంప్యూటరు పాతబడినదని చెప్పి క్రొత్తది కొనిపించుకొన్నాడట. క్రొత్తది మిక్కిలి వేగము గలదే. కాని పాతదానిలో ఆ పిల్లవాడు ప్రీతితో ఆడుకొన్న ఆటలలో సగము దీనిలో తెఱచుకొనవయ్యెను. అంగడివాడు మోసగించెనని నిశ్చయించుకొని మా స్నేహితుడు తగవునకు సిద్ధపడి వచ్చెను. అంగడివాని దోషమేమియు లేదని అతనికి నచ్చజెప్పుటకు నాకు రెండు పూటలు పట్టినది. ఆ రెండు పూటల మాటలనే ఇపుడు మీకు కుదించి చెప్పెదను.

ప్రాసెసరను చిప్పు కంప్యూటరునకు గుండెకాయ వంటిదని పలువురందురు. నా దృష్టిలో అది ఒక చదువరి. ఆ చదువరికి ఒక్క భాషయే వచ్చును. ఆటయైనను, లెక్కల పట్టికయైనను, సినిమాను కూర్చు సాధనమైనను, అన్నియు కడకు ఆ భాషలో వ్రాసిన ఆజ్ఞల వరుసలే. చదువరిని మార్చితిమా, ఇంటనున్న గ్రంథములన్నియు ఒక్క పూటలో పరభాషాగ్రంథములైపోవును. ఆపిల్ సంస్థవారు ఈ పని ఒకమాఱు కాదు, మూడు మాఱులు చేసిరి. 1984లో వెలువడిన తొలి మ్యాకులో మోటొరోలావారి 68000 అను చిప్పు ఉండెను. 1994లో పవర్ పీసీ వచ్చెను. 2006లో దానిని తొలగించి ఇంటెల్ వారి చిప్పును పెట్టిరి. 2020 నవంబరులో దానికిని స్వస్తి చెప్పి, తాము స్వయముగా రూపొందించుకొన్న ఎం1 అను చిప్పుతో యంత్రములను విక్రయింప నారంభించిరి.

ఇట్టి వలసలు మా పేటవారికి తెలియనివి కావు. తెలుగు చలనచిత్ర పరిశ్రమ మదరాసునుండి తరలి వచ్చినపుడు, అక్కినేని నాగేశ్వరరావుగారు 1976లో ఇచటి బండరాళ్ళ నడుమ అన్నపూర్ణా స్టూడియోను నెలకొల్పినపుడు, వెంట వచ్చినవారు కొందఱు, అచటనే నిలిచిపోయినవారు కొందఱు.

అయినను ఆపిల్ వారు తమ వాడుకరులను నడివీధిలో విడిచిపెట్టలేదు. పాత భాషను క్రొత్త చిప్పునకు తెలుపుటకు ఒక దుబాసీని కల్పించి, దానికి రోజెట్టా అని పేరిడిరి. ఈ పేరునకు మూలము ఐగుప్తు దేశములో 1799లో దొరికిన శిలాశాసనము. అందు ఒకే విషయము మూడు లిపులలో చెక్కబడియుండుటచేత, షాంపోలియన్ అను ఫ్రెంచి పండితుడు 1822లో పురాతనమైన ఐగుప్తు చిత్రలిపి మర్మమును విప్పగలిగెను. కంప్యూటరులోని మొదటి రోజెట్టా 2006లో వచ్చి, 2011లో తొలగింపబడినది. 2020లో వచ్చినది రెండవ రోజెట్టా. దీని పనితనమును మీరు సులువుగానే గ్రహింపగలరు. రచ్చబండకడ పురాణము చెప్పు శాస్త్రులవారు శ్లోకము చదివి, అప్పటికప్పుడు తాత్పర్యము చెప్పుట యొక పద్ధతి. గ్రంథమంతయు ముందుగనే తెనిగించి వ్రాసి పెట్టుకొని, సభలో తడుముకొనక చదువుట మఱియొక పద్ధతి. రెండవ రోజెట్టా చాలవఱకు ఈ రెండవ పద్ధతినే అవలంబించును. తప్పనిసరియైన చోట్లనే మొదటిదానిని ఆశ్రయించును. అందుచేతనే అనువాదము జరుగుచున్నదన్న సంగతి పెక్కుమాఱులు వాడువానికి తెలియనే తెలియదు.

మఱి ఆటలకు మాత్రమీ చిక్కు ఏల వచ్చినది? సినిమాలో సెకనుకు ఇరువది నాలుగు చిత్రములు తెరపై కదలును. అవి మునుపే తీసి యుంచినవి. ఆటలోనన్ననో సెకనుకు అరువది చిత్రములు, ఆడువాని వ్రేలి కదలికకు బదులుగా, అప్పటికప్పుడు గీయవలెను. జాప్యమునకు తావు లేదు. అందుచేత ఆటలు వ్రాయువారు యంత్రమునకు మిక్కిలి చేరువగా పోయి, దాని మర్మస్థానములను పట్టుకొని పని చేయింతురు. అంతియ కాదు, బొమ్మలు గీయించుటకు వేఱొక భాష కలదు. విండోసు యంత్రములలో అది డైరెక్ట్ ఎక్స్, మ్యాకులో మెటల్. పలు యంత్రములకు ఉమ్మడిగా నుండిన ఓపెన్ జీఎల్ అను పద్ధతిని ఇకపై ప్రోత్సహింపబోమని ఆపిల్ వారు 2018లో చెప్పివేసిరి. రోజెట్టా చిప్పు భాషను తెనిగించునే కాని, డైరెక్ట్ ఎక్స్ ను మెటల్ గా మార్చుట దాని పని కాదు.

మా స్నేహితుని మనుమని ఆటలను పరిశీలింపగా ఒక చిత్రమైన సంగతి బయటపడినది. కొన్నింటి విషయమున అసలు దోషి క్రొత్త చిప్పు కానే కాదు! 2019లో వచ్చిన కటలీనా అను వ్యవస్థలోనే ఆపిల్ వారు ముప్పదిరెండు బిట్ల పాత ప్రోగ్రాములన్నింటికిని తలుపులు మూసిరి. పోర్టల్ 2 వంటి పేరుగన్న ఆటలు ఆనాడే మ్యాకులో మూగవోయినవి. పాత యంత్రములో వ్యవస్థను మార్చక యుంచుటచేత అవి ఆ పిల్లవానికి అంతదాక బ్రదికియుండెను. తక్కినవి బూట్ క్యాంపు అను సదుపాయముతో మ్యాకులోనే విండోసును నిలిపి ఆడుకొన్నవి. ఇంటెల్ చిప్పు ఉన్నన్నాళ్ళు సాగిన ఆ ఉపాయము ఆపిల్ చిప్పుగల యంత్రములలో లేదు. చూడుడు, ఒకే నష్టమునకు రెండు కారణములు. రెంటిని ఒక్కటిగా భావించి పాపము అంగడివానిని నిందించితిమి.

ఇక భవిష్యత్తు మాట. శక్తి విషయమున ఈ క్రొత్త చిప్పులను తక్కువ చేయరాదు. ఎం1 చిప్పుగల మ్యాక్ బుక్ ఎయిరులో చల్లబఱచు పంకా సయితము లేదు. 2023లో వచ్చిన ఎం3 చిప్పులో వెలుగునీడల పోకడలను లెక్కకట్టి చూపు ప్రత్యేక సామర్థ్యము కూడ చేర్చిరి. అదే ఏట ఆపిల్ వారు గేమ్ పోర్టింగ్ టూల్ కిట్ అను సాధనమును ఆటలు చేయువారికిచ్చిరి. విండోసు ఆటను మార్పు లేకయే మ్యాకుపై నడిపించి, ఎంత బాగుగా నడచునో ముందుగా పరీక్షించుకొనుటకు అది తోడ్పడును. మా పేట భాషలో చెప్పవలెనన్న, అది డబ్బింగు చిత్రము వంటిది. పెదవుల కదలిక ఒకటి, మాట యొకటి. తరువాత మ్యాకు కొఱకే తిరిగి వ్రాసిన ఆట, 2015 నాటి బాహుబలివలె రెండు భాషలలోను నేరుగా తీసిన చిత్రము.

అట్టి నేరు చిత్రములును వచ్చుచున్నవి. రెసిడెంట్ ఈవిల్ విలేజ్ 2022లోను, బాల్డర్స్ గేట్ 3 మఱుసటి ఏటను మ్యాకునకు వచ్చినవి. అసాసిన్స్ క్రీడ్ షాడోస్ 2025 మార్చిలో తక్కిన యంత్రములతో పాటు అదే దినమున వచ్చినది. కాని సైబర్ పంక్ 2077 సంగతి చూడుడు: లోకమంతయు 2020 డిసెంబరులో ఆడిన ఆట, మ్యాకువారికి 2025 జూలైలో దక్కినది. రెండవ పంక్తి భోజనము వంటిదే. అంతకు పూర్వము 1999లో స్టీవ్ జాబ్స్ గారు హేలో అను ఆటను మ్యాకు వేదికపైనే లోకమునకు చూపిరి. మఱుసటి ఏట మైక్రోసాఫ్ట్ వారు దానిని చేసిన సంస్థనే కొనివేసిరి. తీరా 2001లో ఆ ఆట మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్ బాక్సులో వెలువడినది. మ్యాకునకు వచ్చుసరికి 2003 అయ్యెను. ఆ నడుమ చిప్పు జాతి మాఱలేదు సుమా! కావున చిప్పు మంచిదైనంతమాత్రమున ఆటలు వచ్చిపడునని నేను నమ్మను. ఆడువారు కొలదిగా నున్నచోట చేయువారు వెనుకాడుదురు; ఆటలు లేనిచోట ఆడువారు చేరరు. ఈ ముడిని విప్పునది ఏదైన నున్నచో అది ఐఫోను కావచ్చును. ఐఫోనును మ్యాకును ఇపుడు ఒకే జాతి చిప్పుతో నడచుచున్నవి గనుక, కోట్లాది చేతులలోనున్న ఫోనునకై చేసిన ఆట కొలది శ్రమతో మ్యాకునకును వచ్చును.

మన హైదరాబాదువారి మాట విడువరాదు. ఆరోనా అను ఇచటి సంస్థ హనుమాన్ బాయ్ వారియర్ అను ఆటను 2009లో సోనీవారి ప్లేస్టేషన్ 2 కొఱకు చేసినది. గేమ్ శాస్త్ర అను మఱియొక హైదరాబాదు సంస్థ దేశీ అడ్డా అను పేర మన చెడుగుడు, బిళ్ళంగోడు వంటి ఆటలను తెరకెక్కించినది. అవి ఏ యంత్రమునకై చేయబడినవో ఆ ప్లేస్టేషన్ 2 తయారీ 2013 నాటికి నిలిచిపోయినది. తాటాకు గ్రంథములను బ్రౌను దొరవారు లేఖకులను పెట్టి ఎత్తి వ్రాయించిరి గనుక కొన్నియైనను మనకు మిగిలినవి. ఈ ఆటలను ఎత్తి వ్రాయువారెవరు? బిళ్ళంగోడు ఆడుటకు కఱ్ఱముక్క చాలునని మీరనవచ్చును. నిజమే, కాని ఆ పిల్లలు కష్టపడి చేసిన పనిని గూర్చి నాకు కొంత బెంగ గలదు.

ఆపిల్ వారు 2025 జూనులో ఒక ప్రకటన చేసిరి. టాహో అను పేరును ఇరువదియాఱు అను సంఖ్యయు గల వ్యవస్థయే ఇంటెల్ యంత్రములకు కడపటిది. రోజెట్టా దాని తరువాతి వ్యవస్థవఱకు పూర్తిగా నుండును. అటుపిమ్మట, పోషించువారు లేని పాత ఆటలకై అందు కొంత భాగమును నిలిపియుంతుము అనిరి. అనాథలైన ఆటలను అట్లు ప్రత్యేకించి తలచుట నాకు సంతోషము కలిగించినది.

మా స్నేహితునికి నేను చెప్పినది ఇంతే: పాత యంత్రమును తూకమునకు అమ్మవలదు, దానిలోని వ్యవస్థను మార్పవలదు, ఆటలకు తప్ప వేఱు పనికి, ముఖ్యముగా బ్యాంకు పనికి, దానిని ఇంటర్నెట్టునకు తగిలింపవలదు, క్రొత్తది కొనుటకు ముందు తన కిష్టమైన ఆటల పేరులు ఒక కాగితముపై వ్రాసి, ఒక్కొక్కటి ఆపిల్ చిప్పుపై నడచునో లేదో పిల్లవానినే విచారించి చెప్పమనవలయును. అతడు అంగడికి పోవుట మానుకొని, ఆ పాత పెట్టెను తువ్వాలులో చుట్టుకొని సాయంకాలపు బస్సునకు ఊరు చేరెను.