కొబ్బరి రాబడి: చెట్టు తల చెప్పే లెక్క

అంబాజీపేట మార్కెట్లో వెయ్యి కాయల ధర ఏ పూటకాపూట వచ్చే సరుకును బట్టి హెచ్చుతగ్గులకు లోనవుతుంది. అయితే ఆ సరుకు పరిమాణం ఆ పూట నిర్ణయమైనది కాదు. కొబ్బరి మొవ్వులో పూగెల అంకురించినది మొదలు కాయ ముదిరి దింపుకు వచ్చే వరకు సుమారు 44 నెలలు పడుతుంది. అందులో 32 నెలలు కంటికి కనబడకుండా మొవ్వులోనే గడిచిపోతాయి. పొత్తి విచ్చుకున్న తరువాత కాయ ముదరడానికి మరో 12 నెలలు కావాలి. తోటలను గుత్తకు తీసుకొనేవారు, ముందుగా బయానా ఇచ్చేవారు గమనించవలసిన మొదటి విషయం ఇదే.

ఆరోగ్యంగా ఉన్న పొడుగు రకం చెట్టు తలలో 30 నుంచి 40 మట్టలు ఉంటాయి. నెలకు దాదాపు ఒక మట్ట, మట్ట మొదట ఒక గెల చొప్పున ఏడాదికి 12 గెలలు వేయాలి. గెలకు 20 నుంచి 40 ఆడపూలు వచ్చినా వాటిలో మూడో వంతు నిలిస్తే మంచి కాపు కిందే లెక్క. తొలి రెండు మూడు నెలల్లో పిందె రాలడం సహజం. కాబట్టి పిందెను చూసి బేరం కుదుర్చుకోరాదు. ఆ దశ దాటి నిలిచిన కాయలను లెక్కిస్తే రానున్న తొమ్మిది నెలల దింపులకు సరైన అంచనా దొరుకుతుంది.

వేసవిలో తడి చాలకపోతే లేత పిందె రాలిపోయి మరుసటి ఏడాది రాబడి తగ్గుతుంది. అదే సమయంలో మొవ్వులో తయారవుతున్న గెలలు కూడా దెబ్బ తింటాయి. ఆ నష్టం మూడు నాలుగేళ్ళకు గాని బయటపడదు. ఒక ఏటి బెట్ట మార్కెట్లో రెండుసార్లు కనిపిస్తుందన్న మాట. ఈ ఏడు వానలు బాగా కురిశాయి కదా అని వచ్చే దింపుకే సరుకు వెల్లువెత్తుతుందని నిలవలు వదిలించుకొనడం తొందరపాటు అవుతుంది. ముంపు కూడా ఇంతే చేటు. కొబ్బరి కొంత ఉప్పును తట్టుకోగలదు గాని, వేళ్ళ వద్ద నీరు నిలిస్తే తట్టుకోలేదు. మురుగు కాలువలు పూడిపోయిన చోట మట్టలు పాలిపోయి తల చిన్నదవుతుంది.

ఎరువు విషయంలో పొటాష్ ముఖ్యం. కాపు చెట్టుకు ఏటా నత్రజని 500, భాస్వరం 320, పొటాష్ 1200 గ్రాముల చొప్పున, మొదలుకు దూరంగా పాదులో రెండు దఫాలుగా వేయాలని సిఫారసు. పొటాష్ తగ్గితే కాయల సంఖ్యతో పాటు లోపలి కొబ్బరి కూడా తగ్గుతుంది. కాయకు 150 గ్రాముల ఎండు కొబ్బరి దిగితే క్వింటాలుకు 667 కాయలు సరిపోతాయి. 125 గ్రాములే దిగితే 800 కాయలు కావాలి. వెయ్యి లెక్కన కొని క్వింటాలు లెక్కన అమ్మే వ్యాపారికి లాభనష్టాలు ఈ తేడాలోనే ఉన్నాయి.

తెగుళ్ళను కూడా కింద నుంచే పసిగట్టవచ్చు. మట్టలు కత్తిరించినట్లు కనబడితే కొమ్ము పురుగు ఉన్నట్లు. కాయ డొక్కపై గోధుమ రంగు పగుళ్ళు ఉంటే ఇరియోఫిడ్ నల్లి పట్టినట్లు. 1998లో కేరళలో బయటపడిన ఈ నల్లి వల్ల కాయ చిన్నదై ఒలుపు కష్టమవుతుంది. మట్టలపై నల్లని మసి పేరుకుంటే, 2016లో తమిళనాడులో కనిపించి ఇటు వ్యాపించిన సర్పిలాకార తెల్లదోమను అనుమానించాలి.

ధర పెరిగినంత మాత్రాన రాబడి వెంటనే పెరగదు. 1996 నవంబరు 6 నాటి తుపానుకు కోనసీమలో చెట్లు పెద్ద ఎత్తున నేలకొరిగాయి. అట్టి చోట మళ్ళీ నాటిన పొడుగు రకం మొక్క ఆరేడేళ్ళకు గాని కాపుకు రాదు. గోదావరి గంగ వంటి సంకర రకమైనా నాలుగేళ్ళు ఆగవలసిందే.

ఎకరానికి 25 అడుగుల ఎడంతో సుమారు 70 చెట్లు పడతాయి. గుత్త మాట్లాడే ముందు గట్టు మీది చెట్లను మాత్రమే చూడక, తోట నడుమ, పల్లంలో ఉన్నవాటితో కలిపి పది చెట్లనైనా ఎంచి, మట్టలను, గెలలను, నిలిచిన కాయలను లెక్కించడం మేలు. గంట సేపు పట్టే ఈ లెక్క ఏడాది పెట్టుబడికి రక్షణ.