జంక్షన్ టేబుల్

డేటాబేస్‌లో ఖాతాదారు, బిల్లుల సంబంధం తేలిక. ఖాతాదారు పేరెంట్, బిల్లు చైల్డ్. ప్రతి బిల్లు వరుసలో ఖాతాదారు నంబరు వేస్తే సరి. చిక్కంతా పుస్తకాలు, రచయితల దగ్గరే. పుస్తకానికి ఇద్దరు రచయితలుండొచ్చు, ఒకరే పది పుస్తకాలు రాయొచ్చు. చాలామంది రచయిత1, రచయిత2 అని గడులు పెంచుతారు. మూడో రచయిత రాగానే కథ మొదటికొస్తుంది.

అందుకే మధ్యలో జంక్షన్ టేబుల్. అందులో పుస్తకం నంబరు, రచయిత నంబరు; రెండూ కలిపి ప్రైమరీ కీ చేస్తే ఒకే జంట రెండుసార్లు ఎక్కదు. అట్ట మీద ఎవరి పేరు ముందో ఆ వరుస సంఖ్యా ఇక్కడే ఉండాలి.

మైక్రోసాఫ్ట్ యాక్సెస్ 2007లో ఒకే గడిలో పలు విలువలు పెట్టే సౌకర్యం వచ్చింది. తెర వెనక అదీ జంక్షన్ టేబులే, కాకపోతే మన చేతికి అందదు. వరుస సంఖ్య రాసుకుందామంటే చోటే ఉండదు.