పడవకు పుట్టుమచ్చ

గుంతకల్లు వంటి రైల్వే జంక్షనులో, వాడి తీసివేసి ప్రక్కన పేర్చిన రైలుపట్టాల నడుముపై ఉబ్బెత్తు అక్షరాలు కనిపిస్తాయి. ఆ పట్టాను తయారుచేసిన కర్మాగారమేదో, ఏ సంవత్సరంలో తయారైనదో అవి తెలుపుతాయి. పట్టా విరిగిననాడు విచారణకు అవి ముఖ్యమైన ఆధారం. వాననీటికే మొగంవాచిన ఆ పీఠభూమిలో పడవల ప్రసక్తి వింతగా తోచవచ్చు. కాని పాతవస్తువును చేసినదెవరన్న ప్రశ్న రైలుపట్టాకు ఎంత ముఖ్యమో, మనుషులను సముద్రం మీదికి మోసుకుపోయే పడవకూ అంతే ముఖ్యం.

ఆంధ్రతీరంలో ఒకప్పుడు కొయ్యతెప్పలదే రాజ్యం. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత ఫైబర్ గ్లాస్ పడవలు మరింతగా వ్యాపించాయి. గాజునారను రెజిన్‌తో తడిపి, అచ్చులో పొరలుపొరలుగా పరచి, గట్టిపడిన తరువాత ఊడదీస్తే పడవ దేహం సిద్ధమవుతుంది. పొర ఎక్కడ పలుచబడిందో, రెజిన్ ఎక్కడ చాలలేదో నిగనిగలాడే పైపూత చెప్పదు. పాతపడవ కొన్న మత్స్యకారునికి ఆ సంగతి నడిసముద్రంలో తెలిసి ప్రయోజనం లేదు. తయారీదారు తెలిస్తే ఆ పడవ ఎంత బరువు మోయగలదో, ఎంత శక్తిగల ఇంజనుకు తగినదో ముందుగానే అడగవచ్చు.

అమెరికాలో ఈ గుర్తింపు సులువు. 1972 నవంబరు నుండి అక్కడ తయారయ్యే పడవలకు పన్నెండు అక్షరాంకెల సంఖ్య తప్పనిసరి. దానిని అమరంపై, అంటే పడవ వెనుకభాగాన, ముందుకు చూస్తూ నిలిచినవారికి కుడిప్రక్కన వేస్తారు. మొదటి మూడు అక్షరాలు తయారీదారునివి. తరువాతి ఐదు ఆ పడవ క్రమసంఖ్య. చివరి నాలుగు కాలాన్ని తెలుపుతాయి. ఎవరైనా చెరిపివేస్తారన్న అనుమానంతో అదే సంఖ్యను కంటబడని మరొకచోట కూడా వేయిస్తారు.

మన తీరంలో కథ వేరు. పడవపై 'ఐఎన్‌డి-ఏపి' అని మొదలయ్యే నమోదు సంఖ్య ఉంటుంది. అది ప్రధానంగా యజమానిని పట్టి ఇస్తుంది. దాని వెంట పాతకాగితాలు వెదకుతూ, అమ్మినవారిని ఒక్కొక్కరినే అడుగుతూ వెనక్కు నడవాలి. ఇంజనుపై ఉన్న పేరును చూసి పడవ కూడా వారిదేనని భ్రమపడేవారున్నారు. ఇంజను ఒక పడవ నుండి మరొక పడవకు మారుతూనే ఉంటుంది గదా!

కాగితాలు లేనప్పుడు పడవ దేహాన్నే చదవాలి. ఒకే అచ్చులో పుట్టిన పడవలు అక్కచెల్లెళ్ళు. అచ్చులో గీత పడితే, ఆ తరువాత అందులో పోసిన ప్రతి పడవపైనా అది సన్నని ఉబ్బుగా తేలుతుంది. అణియం వంపు, అంచు మడత, పొడవు వెడల్పులు కొలిచి, తయారీదారు తెలిసిన మరొక పడవతో పోల్చవచ్చు. అయితే ఒకరి పడవ నుండి మరొకరు అచ్చు తీయడమూ ఉన్నది. అందువల్ల పోలిక ఒక్కటే సాక్ష్యం కాదు.

తయారీదారు జాడ ఎంతకూ తెలియనప్పుడు పడవ నిలువెల్లా చిన్న సుత్తితో మెల్లగా తట్టి చూడటం మిగులుతుంది. గట్టిచోట శబ్దం ఖంగుమంటుంది. బొద్దుగా మూగబోయినచోట లోపలి పొరలు విడిపోయి ఉండవచ్చు. ధర మాట్లాడటానికి ముందే అక్కడ సుద్దతో గుర్తు పెట్టుకొని, మరమ్మతు తెలిసినవానికి చూపాలి.